పేరు పడని బొమ్మ

మతిమరుపును చిక్కడపల్లి పొలిమేర దాటించి లోయర్ ట్యాంక్ బండ్ అవతలికి తరిమేయాలని 1996లో అశోక్‌నగర్ జ్ఞాపకశక్తి పునరుద్ధరణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం కాగితం ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తు లేకపోవడంతో మరునాడు ఇంకోసారి తీర్మానించారు.

జ్ఞాపకం జారిపోతున్న పెద్దలు బొమ్మ చూసి, కింద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట చదివితే పోయిన సంగతులు తిరిగొస్తాయట. అందుకని సంఘం ఒక బొమ్మల వాచకం అచ్చు వేయించింది. మొదటి పేజీలో అధ్యక్షులు ఫణీంద్ర గారు. రెండో పేజీలో మొక్క నాటుతున్న ఫణీంద్ర గారు. ఆవు ఆరో పేజీలో ఉంది గానీ, దానికి అరటిపండు పెడుతున్నది కూడా వారే. ఎనిమిదో పేజీలో వారి భార్య. చిట్టచివర మిగిలిన కాస్త చోట్లో పెద్దలు తమ ఇంటివాళ్ల ఫొటో అతికించుకోవచ్చు.

అరుంధతి ఆ చివరి పేజీ కోసమే వచ్చింది. ఆమె భర్త గోవర్ధన్ నారాయణగూడలో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. అక్షరాలు ఇంకా ఆయన మాట వింటున్నాయి, మనుషులే జారిపోతున్నారు. మొన్న పొద్దున చాయ్ గ్లాసు అందుకుంటూ "ఎవలమ్మా నువ్వు?" అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. తనను ఇంకా ఎరుగునో లేదో, అదొక్కటే ఆమెకు తెలియాలి.

పరీక్ష సభాముఖంగా జరిగింది. కార్యదర్శి జైపాల్ కింది అక్షరాలను కాగితంతో మూసి, మొదటి పేజీ చూపించి ఎవరని అడిగాడు.

"తెల్వది" అన్నాడు గోవర్ధన్.

అధ్యక్షుల వారినే మరిచాడంటే జబ్బు ముదిరిందని సభ నిట్టూర్చింది. తర్వాత చివరి పేజీ తీశారు. అక్కడ అరుంధతి అతికించిన తన ఫొటో ఉంది. గోవర్ధన్ ఫొటో చూశాడు, వెనక్కి తిరిగి వరసల్లో వెతికాడు.

"ఇగో, ఇన్నవా! ఇండ్ల నీ బొమ్మేసిన్రు."

రోజూ పిలిచే ఆ పిలుపే వినేసరికి అరుంధతికి ప్రాణం లేచివచ్చింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పేరు చెప్పలేదు గనుక జైపాల్ సున్నా వేశాడు.

ఫణీంద్ర గారు మైకు అందుకున్నారు. "కట్టుకున్న ఇల్లాలి పేరు మరిచిపోవడం ఎంత దయనీయం! ఇటువంటి అభాగ్యుల కోసమే మన ఉద్యమం!" చప్పట్లు మోగాయి.

"మరిచిపోవుడేంది సార్! ముప్పై ఎనిమిదేండ్లల ఎన్నడన్న పేరు వెట్టి పిలిస్తె గద!" అంది అరుంధతి.

గోవర్ధన్ ఈ గొడవేమీ పట్టించుకోలేదు. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, మొదటి పేజీ నుంచి బొమ్మల కింది అక్షరాలు చదువుకుంటూ ఎనిమిదో పేజీ దగ్గర ఆగాడు. బొమ్మ కింద 'శ్రీమతి ఫణీంద్ర గారు' అని ఉంది.

"సార్, తప్పు పడ్డది. ఇది మీ పేరు. ఈమె పేరు చెప్పున్రి, రాస్త."

ఫణీంద్ర గారు మైకును చేత్తో మూశారు. జైపాల్ వంక చూశారు. జైపాల్ మినిట్స్ పుస్తకం తిరగేశాడు. అందులో నలభై చోట్ల 'అధ్యక్షుల వారి సతీమణి' అనే ఉంది. వేదిక మీదే కూర్చున్న ఆవిడను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"రేషన్ కార్డుల ఉంటది, రేపు చెప్త" అని అధ్యక్షులు దిగిపోయారు.

నవ్వకండి. మీ పక్కింటావిడ పేరేమిటో చెప్పండి చూద్దాం. పప్పూ వాళ్లమ్మ అంటే సున్నా.