సర్వర్ హ్యాంగైతే సంతోషించండి!

ఆఫీసు మెయిల్ సర్వర్ హ్యాంగైందని విసుక్కునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అదృష్టం వచ్చి ఒళ్లో కూర్చుంటే దులిపేసుకుంటారా ఎవరైనా!

కోదాడ దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నేను సిస్టమ్ అడ్మిన్‌ని. 2009లో మా యాజమాన్యం కాగితాలు మానేసి సొంత మెయిల్ సర్వర్ పెట్టింది. పిల్లలు ఉద్యోగాల దరఖాస్తుల్లో కూడా కాలేజీ మెయిల్ అడ్రసే రాయాలని ఆర్డరేసింది. కాలేజీ పేరు నలుగురికీ తెలియాలి కదా!

ఆ సర్వర్‌లో మల్టీథ్రెడింగ్ అని ఒకటుంది. కంగారు పడకండి. ఒక్కడి పనిని నలుగురికి పంచడమే. ఒక్కో పనివాడు ఒక్కో థ్రెడ్. మా క్యాంటీన్‌లో టీ పోసే ఇద్దరినే తీసుకోండి. ఒకడు గిన్నె పట్టుకుని వడగట్టే జాలీ కోసం చూస్తుంటాడు. ఇంకొకడు జాలీ పట్టుకుని గిన్నె కోసం చూస్తుంటాడు. ఎవడూ చేతిలోది వదలడు. ఇక టీ ఎవరికి? మా సర్వర్ జబ్బు అదే.

ఇందులో నష్టమేముందో చెప్పండి? స్టాఫ్ మీటింగుల కబురు అందేది కాదు. ఎంత ప్రశాంతత! సూర్యాపేట నుంచి వచ్చే లెక్చరర్లు బస్సులో హాయిగా నిద్రపోయేవారు. ఒకసారి థ్రెడ్లన్నీ ఒకే మెయిల్ మీద పడి, ఒక్కరోజు సెలవు సర్క్యులర్‌ని పదిహేడుసార్లు పంపాయి. పిల్లలు లెక్క తప్పకుండా పదిహేడు రోజులు రాలేదు. ఇంకోసారి రెండు థ్రెడ్లు ఒకే ఫైల్‌లో రాసి, పరీక్షల టైమ్‌టేబుల్‌నీ హాస్టల్ మెనూనీ కలిపేశాయి. సోమవారం ఉదయం గణితం, పచ్చిపులుసు. మిర్యాలగూడ విద్యార్థి ఒకడు గిన్నెతో సహా పరీక్షకు వచ్చాడు! వాణ్ని తప్పుపట్టగలమా?

ఇంత ఆనందాన్ని చెడగొట్టడానికి మా ప్రోగ్రామర్ శ్రీనాథ్ నడుం కట్టాడు. సర్వర్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైళ్లను వారం పాటు చదివి జబ్బు పట్టేశాడు. టీ లెక్కన చెప్పమన్నాను.

"అందరూ ముందు గిన్నె తీస్కోవాలె, తర్వాత జాలీ. గంతే సార్. రెండు లైన్లు మారిస్తె పరేషాన్ ఖతం."

మార్చాలంటే అనుమతి కావాలి. "కరస్పాండెంట్ గారు పెట్టకుండా నేనెలా సంతకం పెడతానండీ?" అన్నారు ప్రిన్సిపాల్. "ప్రిన్సిపాల్ సంతకం లేకుంట నా దగ్గరికెట్ల తెస్తవయ్యా?" అన్నారు కరస్పాండెంట్. ఫైలు పట్టుకుని ఆ గదికీ ఈ గదికీ తొమ్మిది రోజులు తిరిగాను. నడక ఒంటికి మంచిదే. అన్నాళ్లూ హ్యాంగై పడున్న సర్వర్‌ని అనుమతి వచ్చేదాకా ముట్టుకోవద్దన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఫైనలియర్ ఉమారాణి రోజూ వచ్చి అడిగేది. హైదరాబాద్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కబురు రావాలి ఆ పిల్లకు. "రేపు చూద్దామమ్మా" అనేవాణ్ని. పదో రోజు వాళ్ల నాన్న సత్తయ్యను వెంటబెట్టుకొచ్చింది. ఆయన పెన్‌పహాడ్‌లో గొర్రెలు కాస్తాడు. రెండు సంతకాల కథంతా ఓపిగ్గా విన్నాడు.

"ఇరుకు బాటల రెండు మందలు ఎదురువడ్తె ఎవడో ఒకడు తన జీవాలను పక్కకు మలుపుతడు గద సారూ. ఇంతమంది సదువుకున్నోళ్లున్నరు, గీడ గట్లాంటోడు ఒక్కడు సుత లేడా?"

సిగ్గేసింది. రీస్టార్ట్ బటన్ తొమ్మిది రోజులుగా నా మోకాలి దగ్గరే ఉంది. నొక్కాను. ఆగిన మెయిళ్లన్నీ బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. ఉమారాణి తనది నిలబడే చదువుకుంది.

"ఇంటర్వ్యూ నిన్ననే అయిపోయింది సార్."

సత్తయ్య తువ్వాల భుజాన వేసుకుని, "నడు బిడ్డా" అన్నాడు. తిడితే బాగుండేది.

వాళ్లు గేటు దాటకముందే నాకో మెయిల్ వచ్చింది. సర్వర్ బ్రహ్మాండంగా పని చేస్తోంది మరి! అనుమతి లేకుండా రీస్టార్ట్ చేసినందుకు సంజాయిషీ ఇమ్మని మెమో. స్కాన్ చేసి పంపారు. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఎవరు ముందు పెట్టారో మాత్రం తెలియలేదు.