లోటు ఉత్తరానికి పదో మార్కు

ప్రభుత్వాల దగ్గర డబ్బు లేకపోవడమనేది ప్రపంచ చరిత్రలో ఇంతవరకు జరగలేదు. జరిగేదల్లా, వనరులు కొంతకాలం కంటికి కనబడకుండా పోతాయి. మామూలు మనిషి జేబు ఖాళీ అయితే దాన్ని దరిద్రమంటారు, రాష్ట్ర ఖజానా ఖాళీ అయితే లోటంటారు. దరిద్రానికి తల దించుకోవాలి. లోటుకైతే ఒక శాఖ ఉంటుంది, శాఖకో కార్యదర్శి ఉంటాడు, కార్యదర్శికో కారు, కారుకో డ్రైవరు ఉంటారు. (డ్రైవరుకి మూడు నెలలుగా జీతం లేదు. అది లోటు కిందికి వస్తుంది.)

మన కథ జరిగిన రాష్ట్రంలో ఆ శాఖ ఆర్థిక భవనం మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు రెండో అంతస్తుదాకా వెళ్లేది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ముసాయిదా గుమాస్తాని అందరూ మనవిగారు అనేవారు. ఇరవై ఆరేళ్లుగా కేంద్రానికి వెళ్లిన ప్రతి అర్జీ ఆయన రాసిందే. ఈలోగా ప్రభుత్వాలు నాలుగు మారాయి గానీ, "తమకు సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా" అన్న మొదటి వాక్యం మాత్రం మారలేదు. ఆయన అసలు పేరు జీతం చీటీ మీద ఉండేది. జీతం చీటీలు రావడం ఆగాక అదీ జనం మరిచిపోయారు.

అర్జీ రాయడానికి ఒక పద్ధతి ఉంది. మొదటి పేజీలో కేంద్రాన్ని పొగడాలి. రెండో పేజీలో తమని తాము పొగుడుకోవాలి, ఎందుకంటే తన విజయాలు లేని కాగితం మీద ఏ మంత్రీ సంతకం పెట్టడు. మూడో పేజీలో, ఇంత గొప్ప పాలన సాగుతున్న రాష్ట్రం పూట గడవని స్థితిలో ఉందని చెప్పాలి. రెండో పేజీకీ మూడో పేజీకీ మధ్య వంతెన కట్టడంలో మనవిగారిని మించినవాడు లేడు. "అపూర్వమైన ప్రగతిని సాధించిన కారణంగా మేము ప్రస్తుతం తీవ్రమైన ఇబ్బందుల్లో ఉన్నాము" అన్నది ఆయన రాసిన వాక్యమే. దాన్ని మిగతా రాష్ట్రాలు కూడా వాడుకున్నాయి.

మనవిగారికి పెళ్లి కాలేదు. ఉన్నదల్లా ఒక అక్క. అమ్మానాన్నలు పోయాక ఆయన్ని పెంచిందీ, చదివించిందీ, సెలవు చీటీతో మొదలుపెట్టి ఉత్తరాలు రాయడం నేర్పిందీ ఆవిడే. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో పంతులమ్మగా చేసి రిటైరైంది. రెండేళ్ల తర్వాత ఆవిడ మూత్రపిండాలు కూడా రిటైరయ్యాయి. మంగళ, గురు, శనివారాల్లో ఆర్థిక భవనం వెనక వీధిలో ఉన్న పెద్దాసుపత్రికి డయాలసిస్‌కి వెళ్లేది. యంత్రంలోకి రక్తం వెళ్లి శుభ్రమై తిరిగి రావడాన్ని ఆవిడ ఉతుకుడు అనేది.

"ఏరా, ఇవాళ నా ఉతుకుడు రోజు. గుర్తుందా?"

"గుర్తుందక్కా."

"మీ మంత్రులకి కూడా పెట్టించరా ఈ యంత్రం. రంగు వెలిసిపోతారేమో చూద్దాం."

నాలుగ్గంటలు మంచానికి కట్టేసినట్టుండాలి కనక, మనవిగారు ఆ వారం రాసిన ముసాయిదా పట్టుకెళ్లి ఆవిడకిచ్చేవాడు. ఒక చేతికి సూదులుండేవి. రెండో చేత్తో ఆవిడ ఎర్రపెన్ను పట్టుకుని దిద్దేది. ఇంట్లో దిద్దిన రోజులు కలుపుకుని ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ ఎనిమిది మార్కులు దాటించలేదు.

"రెండు మార్కులు రెండో పేజీకి కోశాను. ఇంత బాగుంటే మీకు డబ్బెందుకురా?" అనేది.

ఆ ఏడాది ఆ డయాలసిస్ వార్డుకే గండం వచ్చింది. ఆరు యంత్రాల్లో నాలుగే నడుస్తున్నాయి. ఫిల్టర్లూ గొట్టాలూ సరఫరా చేసే కంపెనీ, పాత బాకీ తీర్చేదాకా కొత్త సరుకు పంపేది లేదని తేల్చి చెప్పింది. స్టోరులో ఉన్నది రెండు నెలలకి సరిపోతుంది. తర్వాత వార్డుకి తాళమే. అక్క దీని గురించి ఏమీ మాట్లాడేది కాదు. మనవిగారికి మాత్రం అన్నం సహించడం మానేసింది.

కేంద్రాన్ని అడగడం తప్ప దారి లేదు. అయితే కేంద్ర సాయం పొందడానికి లోటు ఉంటే చాలదు, తగిన లోటు ఉండాలి. నిబంధన పద్నాలుగు ప్రకారం, లోటు పన్నెండు శాతానికి తక్కువైతే అవసరం రుజువు కానట్టు. పదిహేను దాటితే ఆ రాష్ట్రానికి డబ్బు వాడుకోవడం చేతకానట్టు. లోటు సర్దుబాటు విభాగంలోని పదకొండు మంది నిపుణులు నెల్లాళ్లు కూర్చుని పద్నాలుగు పాయింట్ తొమ్మిది దగ్గర దాన్ని ఊపిరి బిగబట్టి నిలబెట్టారు. ఇంతలో కేంద్రం నుంచి కష్టాల పరిశీలక బృందం వచ్చింది. వాళ్ల బసకీ భోజనాలకీ అయిన ఖర్చుతో లోటు పదిహేను పాయింట్ ఒకటైంది. నిపుణులు తలలు పట్టుకున్నారు. చివరికి ఆ ఖర్చుని పర్యాటక రంగ ఆదాయంగా రాసి గండం గట్టెక్కించారు. (ఆ ఏడాది పర్యాటక శాఖకి ఉత్తమ శాఖ బహుమతి వచ్చింది.)

అర్జీ పంపాల్సిన ఆఖరి రోజొచ్చింది. మొదటి పేజీ, మూడో పేజీ సిద్ధం. రెండో పేజీలోకి రావలసిన విజయాల పేరా మాత్రం రాలేదు. కొత్త వంతెన ఎవరి విజయమన్నది తేలలేదు. రోడ్డు తమదే కాబట్టి తమ విజయమని రోడ్ల శాఖ, కింద నీళ్లు తమవి కాబట్టి తమ విజయమని నీటి శాఖ పట్టుబట్టాయి. (వంతెన ఇంకా కట్టలేదు.) వాళ్ల తగవు తీర్చే సంఘం మర్నాడు కూర్చుంటుంది. అర్జీ సాయంత్రం అయిదింటికల్లా వెళ్లాలి.

"పేరా లేకుండా పంపెయ్యండి మనవిగారూ," అన్నాడు కార్యదర్శి నీళ్లు నములుతూ.

"మూడు పేజీలుండాలి సార్. తక్కువైతే అర్జీ చెల్లదు."

"అయితే ఏదో ఒకటి నింపండి. మంత్రిగారూ నేనూ సంతకం పెట్టేది ఆఖరి పేజీ మీదే కదా."

అప్పుడు టైము నాలుగూ ఇరవై. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి మనవిగారికి ఒక ఖాళీ పేజీ దొరికింది. ఆయన పెన్ను తీసి రాశాడు: "మా పెద్దాసుపత్రిలో ఆరు డయాలసిస్ యంత్రాలున్నాయి. నాలుగు నడుస్తున్నాయి. వాటి మీద ముప్ఫై మంది బతుకుతున్నారు. సరుకు రెండు నెలలకి ఉంది. ఆ తర్వాత యంత్రాలుంటాయి, మనుషులుండరు." పేజీ నిండేదాకా అలాగే రాసుకుపోయాడు. ఆ ముప్ఫై మంది ఏమేం పనులు చేసుకుంటారో, ఎవరు ఎన్ని బస్సులు మారి వస్తారో, అంతా రాశాడు.

శనివారం నకలు తీసుకెళ్లి అక్కకిచ్చాడు. ఆవిడ రెండో పేజీ రెండుసార్లు చదివింది. ఎర్రపెన్ను మూత తీయలేదు. కళ్లజోడు తీసి దుప్పటి అంచుతో తుడుచుకుంది.

"తొమ్మిది," అంది చివరికి.

"ఆ ఒక్కటీ ఎందుక్కోశావక్కా?"

"డబ్బొచ్చాక వేస్తాను."

మూడు వారాలకే కేంద్రం నుంచి కవరొచ్చింది. అంత తొందరగా జవాబు రావడం ఎవరి ఎరుకలోనూ లేదు. అటెండరు దాన్ని రెండు చేతుల్తో పట్టుకొచ్చాడు. కార్యదర్శి తలుపు తీసి అందర్నీ లోపలికి పిలిచి, గొంతు సవరించుకుని చదివాడు. గత పదేళ్లలో అందిన అర్జీలన్నిట్లోకి ఇది ఉత్తమమైనదని కేంద్రం తేల్చింది. దీన్ని మాదిరి అర్జీగా అన్ని రాష్ట్రాలకూ పంపుతోంది. ప్రశంసాపత్రం జతచేసింది. (ఫ్రేము రాష్ట్రమే కట్టించుకోవాలి.) రాసిన ఉద్యోగిని తక్షణం కేంద్రానికి పంపాలి, అతని జీతం మాత్రం రాష్ట్రమే భరించాలి. సాయం సంగతి పరిశీలనలో ఉంది.

"రాష్ట్రానికే గర్వకారణమండీ మనవిగారూ!" అని కార్యదర్శి కావలించుకున్నంత పని చేశాడు. సాయంత్రానికల్లా ఆ ప్రశంసాపత్రం వచ్చే అర్జీ తాలూకు విజయాల పేరాలో చేరింది. దాని మీద మాత్రం ఏ శాఖా తగవు పెట్టుకోలేదు.

మనవిగారికి వెళ్లాలని లేదు. వారానికి మూడు రోజులు అక్క పక్కన ఎవరు కూర్చుంటారు?

"యంత్రం కూర్చుంటుందిలే," అంది అక్క. "ఒరేయ్, ఫైలు ఎక్కడుందో అక్కడికే వెళ్తున్నావు. నీ ఉత్తరం నువ్వే పట్టుకుని సంతకం పెట్టించుకురా. నా పదో మార్కు రెడీగా పెట్టుకుంటాను."

ఆ మాట నెత్తిన పెట్టుకుని ఆయన రైలెక్కాడు.

కేంద్రంలో ఆయన్ని సమాధానాల విభాగంలో వేశారు. పొడుగాటి గది, వరసగా బల్లలు, గోడకి పదకొండు అరలున్న చెక్క బీరువా, అరకో జవాబు నమూనా. విభాగాధికారిణి చాలా మర్యాదస్తురాలు. టీ తెప్పించి, కుర్చీ చూపించి, మొదటి ఫైలు ఆయన ముందు పెట్టింది. విప్పి చూస్తే ఆయన ఉత్తరమే.

ఇంత సులువుగా చేతికందుతుందని ఆయన అనుకోలేదు.

"మేడమ్, దీనికి ఆమోదం రాయాలంటే నమూనా ఏ అరలో ఉంటుందండీ?"

"ఆమోదానికి నమూనా లేదండీ," అంది ఆవిడ ఎంతో నొచ్చుకుంటూ. "ఉన్నవి పదకొండు. పదకొండూ తిరస్కారాలే. ఇంతవరకు అవసరం పడలేదు మరి. కొత్త నమూనా కావాలంటే నమూనాల సంఘానికి రాయచ్చు. వాళ్లు మూడేళ్లకోసారి కూర్చుంటారు. పోయిన నెలే లేచారు."

"మరి నన్నెందుకు పిలిపించారండీ?"

"మీ ఉత్తరం వల్లేనండీ. దీనికి ఎవ్వరూ జవాబు రాయలేకపోతున్నారు. చదివినవాళ్లంతా కళ్లు తుడుచుకుని ఫైలు పక్కన పెట్టేస్తున్నారు. మూడు వారాలుగా పని ఆగిపోయింది. ఇలాంటి ఉత్తరాన్ని కాదనాలంటే, రాసిన చెయ్యే కావాలని పైవాళ్లు అన్నారు."

ఆవిడ తన బిస్కెట్ల పళ్లెం ఆయన వైపు జరిపింది.

"మాకు మాత్రం ఉంటే ఇవ్వమా చెప్పండి? మా లోటు పదిహేడు. మేము ఎవరికి రాసుకోవాలో తెలీక ఊరుకున్నాం. ఇంకోటి, సొంత రాష్ట్రం మీద మమకారం లేదని నిరూపించుకుంటేనే మీ ఉద్యోగం ఖాయమయ్యేది. ఖాయమైతే కేంద్ర ఆసుపత్రి కార్డొస్తుంది. ఏ జబ్బైనా, ఎన్నాళ్లైనా, కుటుంబానికంతటికీ ఉచితం."

కుటుంబానికంతటికీ అన్న మాట దగ్గర మనవిగారు ఆగిపోయాడు. ఆయన కుటుంబమంతా పెద్దాసుపత్రి నాలుగో మంచం మీద ఉంది. ఆ మంచం ఎలాగూ పోయేలా ఉంది. ముప్ఫై మందిని కాపాడే నమూనా లేనప్పుడు, కనీసం ఒక్కరినైనా కార్డు కాపాడుతుందనుకున్నాడు. మిగతా ఇరవై తొమ్మిది మంది మొహాలూ ఆయనకి తెలుసు, రెండో పేజీలో రాసింది ఆయనే. వాళ్లని తలుచుకుని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే పెన్ను మూత తీశాడు.

పేలవంగా రాద్దామని చూశాడు గానీ అలవాటు లేని పని కావడంతో చేతకాలేదు. రెండు రోజులు కూర్చుని రాసిన ఆ జవాబులోని ముఖ్య భాగం ఇది: "తమ ఆసుపత్రిలో నాలుగు యంత్రాలు నేటికీ నడుస్తున్నాయని తెలిసి ఈ కార్యాలయం ఎంతో ఊరట చెందింది. ముప్ఫై మంది ఆరోగ్యాన్ని పేరుపేరునా పట్టించుకునే ప్రభుత్వాలు అరుదు. కష్టాన్ని ఇంత స్పష్టంగా ఎరిగిన రాష్ట్రం దాన్ని దాటగల శక్తి కూడా తనలోనే దాచుకుని ఉంటుంది. ఈ దశలో బయటి సాయం అందించి ఆ శక్తిని అవమానించడానికి మాకు మనసొప్పడం లేదు."

విభాగాధికారిణి చదివి, చాలాసేపు కాగితం బల్ల మీద పెట్టలేదు. దాన్ని పన్నెండో నమూనాగా తీసుకోవాలని నమూనాల సంఘానికి అక్కడికక్కడే సిఫారసు రాసింది. (సంఘం ఈ ఒక్కదాని కోసం ప్రత్యేకంగా కూర్చుంది.)

నెల తిరిగేసరికి ఉద్యోగం ఖాయమైంది. కార్డు దరఖాస్తులో, కుటుంబ సభ్యులు అన్న చోట మనవిగారు గుండ్రటి అక్షరాలతో అక్క పేరు రాశాడు. కార్డుల గుమాస్తా దాన్ని ఎగాదిగా చూసి నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"అక్కచెల్లెళ్లని చేర్చుకోవచ్చండీ, అభ్యంతరం లేదు. కాకపోతే పద్దెనిమిదేళ్ల లోపుండాలి. ఈవిడకి ఎన్ని?"

"అరవై రెండు."

"అయ్యో," అన్నాడు గుమాస్తా మనస్ఫూర్తిగా. "నలభై నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చారు."

కార్డు వచ్చింది. దాని మీద మనవిగారి పేరొక్కటే ఉంది. ఆయనకి ఏ జబ్బూ లేదు.

ఆ గురువారం మధ్యాహ్నం బల్ల మీద ఫోను మోగింది. అక్క. వెనకాల బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

"ఉతుకుడు ఎలా జరుగుతోందక్కా?" అన్నాడు, ఇంకేం అడగాలో తెలీక.

"సోమవారమే తాళం వేశార్రా. ఇప్పుడు పక్క జిల్లాకెళ్తున్నాను, రెండు బస్సులు మారాలి. అక్కడ వారానికి ఒకసారే ఇస్తారట." ఆవిడ కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. ఇదివరకు ఆ మాత్రం మాట్లాడితే ఆయాసం వచ్చేది కాదు. "తాళం పక్కనే కేంద్రం జవాబు అంటించారు. బస్సుకి టైముందని నించుని మొత్తం చదివాను. కింద సంతకం ఎవరిదో గానీ, రాత నీదేగా?"

"నాదేనక్కా."

"ఊరికే బాధపడకు. బ్యాగులో ఎర్రపెన్ను ఉంటే అక్కడే పదికి పది వేసి వచ్చాను. నా మంచం పోయిందన్న కోపంతోనే మొదలుపెట్టానురా, పూర్తయ్యేసరికి నాకే అనిపించింది, ఇవ్వకపోవడమే న్యాయమని."