మోటరు గదిలో ఇంగ్లీషు దయ్యం

మంజులమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే చెంబు పట్టుకుని పొలం వైపు పోవడం, పాడుబడ్డ మోటరు గదిలో కూర్చుని ఇంగ్లీషు బహువచనాలు వల్లించడం, ఎవరూ చూడకముందే ఇల్లు చేరడం. డెంకణికోట దగ్గరి ఆ పల్లెలో బాలవాడి ఆయా ఆమె. టీచరు కావాలంటే పదో తరగతి పాసవ్వాలి. అది 1998. వయసు దాటకముందు ఇదే ఆఖరి అవకాశం. నలభై ఏళ్ళకు చదువేమిటని ఊరు నవ్వుతుందని మొగుడు మారప్పకు కూడా చెప్పలేదు. పిచ్చిది, అంత సిగ్గున్నప్పుడు గొంతు తగ్గించి చదవాలి కదా!

పదిహేనో రోజు పొగమంచులో బర్రెలు తోలుకుపోతున్న వెంకటమ్మకు ఆ గదిలోంచి వణుకుతున్న గొంతొకటి వినిపించింది. మనిషి జాడ లేదు. "టూత్... టీత్. ఫుట్... ఫీట్. చైల్డ్... చిల్డ్రన్." బర్రెలు కూడా కదలకుండా నిలబడిపోయాయి.

మర్నాడు తిలక్‌ను తీసుకుపోయారు. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే అతనొక్కడికే ఊళ్ళో ఇంగ్లీషు వచ్చు. ఇరవై గజాల దూరంలో నిలబడి విన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందు ఒక పన్ను అడగతా ఉంది. మళ్ళా అన్ని పళ్ళూ కావాలంటా ఉంది. ఒక కాలు, మళ్ళా అన్ని కాళ్ళూ. ఇప్పుడేమో..."

"ఇప్పుడేమప్పా?"

"ఒక బిడ్డ. ఆమీట బిడ్డలంతా."

"ఓయమ్మో!" అని వెంకటమ్మ మనవణ్ణి కొంగులో దాచుకుంది.

ఊరిపెద్ద చెన్నరాయప్ప ఆ సాయంత్రమే తేల్చేశాడు. "సోమవారం ఊరు కట్టేద్దాం. పొద్దు మునిగేదాకా ఎవురూ పొలిమేర దాటకూడదు. దాటినోళ్ళ ఎంట అది తిరిగొస్తాది."

హోసూరులో ఇంగ్లీషు పరీక్ష సోమవారమే! మంజులమ్మకు ఏడుపొక్కటే తక్కువ. ఆ దయ్యం తానేనని చెబితే నవ్వులపాలు, చెప్పకపోతే టీచరు పని గంగపాలు.

సోమవారం దారికి ముళ్ళకంప అడ్డం వేసి తిలక్ కాపలా ఉన్నాడు. మంచులోంచి ముసుగేసుకున్న ఆకారమొకటి వచ్చి, అతని ఎదుట ఆగి, మెల్లగా "చైల్డ్..." అంది. మిగతాది వినడానికి తిలక్ అక్కడ లేడు. ఆమె కంప తప్పించుకుని బస్సెక్కింది.

పొద్దు మునిగాక ఆమె బిక్కుబిక్కుమంటూ తిరిగొచ్చింది. ఊరంతా తలుపులు బిగించుకుని ఉంది. వెంకటమ్మ కిటికీలోంచి గుసగుసలాడింది. "యాడుంటివి మంజులమ్మా? పొద్దన్నుంచీ మోటరు గదిలో అది అవే ఇంగ్లీషు మాటలు అరస్తానే ఉంది. భయానికి ఒక్కరూ తలుపు తీయలేదు. ఈపొద్దు గొంతు కూడా మారింది. మొగ గొంతు!"

మంజులమ్మ మోటరు గది వైపు తిరిగి చూసింది. తాను హోసూరులో ఉంటే గదిలో ఉన్నదెవరు? ఇంటికి పరుగెత్తింది. మారప్ప ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ కనిపించాడు. గొంతు పూర్తిగా పోయింది.

"జనాలు బయటికొస్తే నువ్వు లేవని తెలిసిపోదా?" అన్నాడు, బొంగురు గుసగుసతో. "ఏనుగులు తిరిగే దావలో ఒక్కదానివే పోతా ఉంటే నాకు బయం కాదా మంజులా? దినామూ గది ఎనక నిలబడి ఇంటానే ఉన్నాను."

ఆమె అతని భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

ఇంగ్లీషులో మంజులమ్మకు ముప్పై ఏడు మార్కులొచ్చాయి, పాసైంది. బహువచనాల్లో ఆమెకు రెండు తప్పులు దొర్లాయి గానీ, దయ్యం మాత్రం ఒక్కటీ తప్పు చెప్పలేదని తిలక్ ఇప్పటికీ అంటాడు.