మద్దితోపు భూసార పటం

ఒక పెద్ద అడవిలో, పనులకన్నా పటాలే ఎక్కువగా ఉన్న అడవిలో, ఒక మద్దిచెట్ల తోపు ఉండేది. ఆ చెట్ల ఆకులు తిని పట్టుపురుగులు గూళ్లు కట్టేవి. ఆ పట్టుతోనే సింహం తన గద్దెకి పరుపు కుట్టించుకునేది.

ఆకు పలచబడుతోందని పురుగులు మొరపెట్టుకున్నాయి. ఏ చోట నేలలో సారం ఎంత ఉందో పరీక్షించి పటం గీయమని సింహం నక్కని అధికారిగా వేసింది.

చోటుచోటా తవ్వి మట్టి తియ్యాలి. ఎండ మండిపోతోంది. నక్క తన గుమాస్తా కోతిని పిలిచి, "తోపంతా ఎవడు తిరుగుతాడ్రా? ఆఫీసు వెనకాల తవ్వి సంచులన్నీ నింపెయ్. ఒక్కో సంచి మీద ఒక్కో చోటి పేరు రాసెయ్" అంది.

అర్జీలు తీసుకునే కిటికీ ఆఫీసు వెనకే ఉంది. అక్కడ అడవిదున్నలు నెలల తరబడి నిలబడేవి. నిలబడి ఊరుకుంటాయా, పేడ వేస్తాయి. ఆ మట్టి పరీక్షలో అద్భుతంగా తేలింది. పటమంతా పచ్చరంగు పూసేశారు.

సింహం మురిసిపోయి, "ఇంత సారం ఉన్న నేలకి ఎరువెందుకు?" అంటూ ఏనుగులు తోపుకి మోసే ఎరువు ఆపించేసింది.

ఆకులు పండిపోయి రాలడం మొదలుపెట్టాయి. ముసలి పురుగొకటి పాక్కుంటూ ఆఫీసుకి వచ్చింది.

"అయ్యా, ఆకులో పీచు తప్ప ఏమీ లేదు. పిల్లలకి గూడు కట్టే వేళయింది, ఒంట్లో దారం లేదు. గూడు కట్టకపోతే చచ్చిపోతాయి. కాస్త ఎరువు వేయించండి."

"పటం ప్రకారం మీరు బాగా బలిసి ఉండాలే" అంది నక్క, తలెత్తకుండానే. "తినడం చేతకాక నేల మీద నెపం వేస్తారేం?"

ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పరుపు కోసం సింహం తోపుకి వచ్చింది. గూళ్లు లేవు. చెట్ల కింద పురుగులు సొమ్మసిల్లి పడి ఉన్నాయి.

"ఆకు బంగారం, ప్రభూ. పురుగులే సోమరిపోతులు" అంది నక్క చేతులు కట్టుకుని.

"అంత మంచి ఆకయితే ఇవాళ్టి నుంచి నువ్వూ అదే తిను. మాంసం బంద్" అంది సింహం.

రెండు పూటలు గడిచేసరికి నక్క కళ్లు తేలేసి సంచుల సంగతంతా కక్కేసింది.

ఏనుగులు మళ్లీ ఎరువు మోశాయి. చెట్లు చిగిర్చాయి. తినడానికి పురుగులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

సింహం చాలా బాధపడింది. ఇలాంటి పొరపాటు మళ్లీ జరగకూడదని, మట్టి తీసే పద్ధతి నేర్పడానికి ఒక శిక్షణ కేంద్రం పెట్టించి, నక్కని దానికి పెద్దని చేసింది.

నీతి: తప్పు చేసినవాణ్ణి వదులుకోకూడదు, అంత అనుభవం ఇంకెవరికి ఉంటుంది?