పొగ డబ్బా, అత్తగారి ముక్కు

ఇళ్ళు అద్దెకిచ్చే దొరలారా! మీ నేరం ఒక్కటే. వంటింట్లో తగిలించిన పొగ అలారం మోత ఏమాత్రం చాలడం లేదు. ఇంకా పెంచాలి!

నవ్వకండి. పరాయి దేశంలో, మూడో అంతస్తులో కాపురముంటున్న ఓ బస్సు డ్రైవరమ్మని అడగండి. ఆ డబ్బా లేకపోతే పై వాటా వాళ్ళ మొహం ఆవిడ చూసి ఉండేదా? శనివారం మార్కెట్ నుంచి తాజా చేప తెచ్చి మూకుట్లో ముక్క వేసిందో లేదో, డబ్బా కుయ్యోమంటుంది. బిల్డింగు బిల్డింగంతా నైట్‌డ్రెస్సుల్లో మెట్లమీదికొస్తుంది. పరిచయాలంటే అలా అవ్వాలి! మొగుడు స్టూలెక్కి డబ్బాకి తువ్వాలుతో విసిరీ విసిరీ కండలు పెంచాడు. ఇక జిమ్మెందుకు, దండగ!

కిటికీ తెరవొచ్చుగా అంటారా? చలిగాలి రాకూడదని ఓనరు దాన్ని మేకులు కొట్టి మూసేశాడు. ఎంత దయ! అలారం మోగినందుకు మొన్నటికే రెండు నోటీసులిచ్చాడు. మూడోది వస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇల్లు పోతుందని డ్రైవరమ్మకి భయమే. కానీ వారమంతా డిపోలో ప్యాకెట్ తిండి తినే మనిషికి, ఆ ఒక్క పూట తాజా కూర కూడా పోతే ఎలా?

ఇక అత్తగారు. చేప మొప్ప ఎత్తి, ముక్కు ఆనించి వాసన చూస్తే గాని కొననివ్వదు. ఆవిడ వస్తోందంటే చేపలమ్మే అతను తల పట్టుకుంటాడు. మొన్న శనివారం చేప కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"ఏదో మాడుతోందే!"

"ఇంకా పొయ్యే వెలిగించలేదు అత్తయ్యా. మళ్ళీ మొదలెట్టకండి."

"నా ముక్కుకే చెప్తావుటే నువ్వు?"

ముక్కు ఎటు లాగితే అటు మెట్లు దిగింది. కింద మీటర్ల పెట్టెలో వైర్లు కాలుతున్నాయి. దాని నెత్తినే ఉన్న అలారం మాత్రం గప్‌చుప్! అందులో బ్యాటరీ ఉంటేగా? వెనకే పరుగెత్తుకొచ్చిన కోడలి చేతిలోని మూకుడూ అట్లకాడా లాక్కుని, వాయించి వాయించి అందర్నీ బయటికి తోలింది. ఫైరింజన్ వచ్చి మంటలార్పింది.

ఆనక ఓనరు వచ్చాడు. డ్రైవరమ్మ చేతిలో మూడో నోటీసు పెట్టాడు. కారణం? సెలవు రోజు పొద్దున్నే మూకుడు వాయించి ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టడం!

దొరలారా, ఇక చాలు. ఆ నోటీసు చింపండి. మెట్ల కింద డబ్బాలో బ్యాటరీ వెయ్యండి. అదీ చేతకాదా? అక్కడో కుర్చీ వెయ్యండి, అత్తగారు కూర్చుంటుంది. ఆవిడకి బ్యాటరీ అక్కర్లేదు, రెండు చేప ముక్కలు చాలు. కానీ ముందు ఆ వంటింటి కిటికీ మేకులు పీకండి.

ఇవాళే! ఎల్లుండి మళ్ళీ శనివారం.