గిటారుకు పంటి సిమెంటు

ఆ రోజు ఉదయం పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడాదిగా వెనక గదిలో కూర్చుని సొంత చేతులతో చేసిన గిటారుకు తీగలు బిగించాలి, భార్య చేత ఒకసారి వాయింపించుకోవాలి, కాఫీ తాగి క్లినిక్కుకు పోవాలి. సాయంత్రం లైబ్రరీ హాల్లో ఆవిడ వాయించాలి. పాత గిటారు పగిలిపోయాక ఆవిడ ఏళ్ళ తరబడి వాయిద్యం ముట్టలేదు. "మీరు చేసిందైతే వాయిస్తాను, అరువు తెచ్చింది మాత్రం నాకొద్దు" అని తేల్చి చెప్పేసింది. ఆ మాటకు డాక్టరుగారు అప్పట్లో పొంగిపోయారు. ఈ రోజు మాత్రం భయంగా ఉంది.

తీగలు బిగించగానే ఆ భయానికి కారణం కళ్ళ ముందు కనబడింది. మెడ అతికించినప్పుడు అది రవ్వంత ముందుకు వాలినట్టుంది. తీగల కింద పెసరగింజ పట్టాల్సిన చోట శనగగింజ పడుతోంది. అంత ఎత్తున్న తీగలను అదిమి పట్టాలంటే వేళ్ళు పుండవుతాయి.

ఆవిడ గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో కష్టమైన పట్టు ఒకటి పట్టి మీటింది. గది నిండా మోగింది. కానీ సరిగ్గా అదే క్షణంలో ఆవిడ మొహం చిట్లించింది.

"ఎలా ఉంది?" అన్నారు డాక్టరుగారు.

"బాగానే ఉంది."

"తీగలు ఎత్తుగా ఉన్నాయి కదూ?"

"కొంచెం. అయినా నాకు బాగానే ఉందండీ. వదిలేయండి."

వదిలేసే మనిషైతే పళ్ళ డాక్టరు ఎందుకవుతారు? మెడ ఊడదీసి మళ్ళీ అతికించే వ్యవధి లేదు. గిటారు పొట్ట మీద తీగలు ఆనే ఎముక పట్టీని బయటికి తీసి కాస్త అరగదీశారు. ఆవిడ మళ్ళీ వాయించింది, మళ్ళీ మొహం చిట్లించింది, మళ్ళీ బాగానే ఉందంది. ఆయన మళ్ళీ అరగదీశారు. ఈలోగా ఆవిడ కాఫీ పూర్తిగా చల్లారిపోయింది. ఆవిడ దాన్ని అలాగే, ఒక పక్క నుంచి చప్పరించి తాగింది. ఊళ్ళో అందరి నోళ్ళూ చూసే మనిషికి ఆ సంగతి కంటపడలేదు.

క్లినిక్కు తెరిచే వేళయ్యింది. "మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళు. ఈలోగా సరిచేసి పెడతాను" అని గిటారును చంకన పెట్టుకుని బయల్దేరారు.

క్లినిక్కులో వెలుతురు బాగుండే చోటు ఒక్కటే ఉంది. గిటారు వెళ్ళి పేషెంట్ల కుర్చీలో పడుకుంది. నర్సమ్మ అలవాటు కొద్దీ దాని మెడకు పచ్చ గుడ్డ కట్టి, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టి పోయింది.

డాక్టరుగారు తీగ మీటి చూస్తే ఈసారి జుయ్యిమంది. తీగలు కిందికి దిగిపోయి మెడ మీది లోహపు మెట్లకు తగులుతున్నాయి. పేషెంట్లు కొరికినప్పుడు ఏ పన్ను ఎత్తుగా ఉందో చూపే నీలం కాగితం ఉంటుంది. దాన్ని తీగల కింద పెట్టి, మరక పడిన మెట్లన్నిటినీ ఆకురాయితో రుద్దారు. జుయ్యిమనడం ఇంకో చోటికి మారింది. ఆయన కూడా దాని వెనకే ఇంకో చోటికి మారారు.

పంటి క్యాప్ సరిచేయించుకోవడానికొచ్చిన లెక్కల మాస్టారు పక్క స్టూలు మీద కూర్చుని, తన కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు.

"మాస్టారూ, మొన్న వేసిన క్యాప్ బాగానే ఉందన్నారు కదా. మళ్ళీ వచ్చారేం?" అని అడిగారు డాక్టరుగారు.

"ఎక్కడ బాగుందండీ, మొదటి రోజు నుంచీ ఎత్తుగానే ఉంది."

"మరి అప్పుడు చెప్పలేదే."

"చేతిలో మిషను పట్టుకుని ఎలా ఉంది అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. లేదంటే దాన్ని మళ్ళీ నోట్లో పెడతారు కదా."

డాక్టరుగారికి ఇన్నాళ్ళ ప్రాక్టీసులో విన్న 'బాగానే ఉంది'లన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. పొద్దుటి నుంచి భార్య చెప్పింది కూడా ఆ బాపతే అయ్యుంటుంది. పాపం, వేళ్ళు మండుతున్నా మొగుడి మనసు నొప్పించకూడదని ఓర్చుకుంది. ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఆ ప్రేమలో ఎముక పట్టీని ఇంకాస్త, మెడ కొసన తీగలు కూర్చునే గాట్లను ఇంకాస్త అరగదీసేశారు.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి వాయించేసరికి ఆ గిటారులోంచి పాటకు బదులు కందిరీగల తుట్టె లేచినట్టు మోత వచ్చింది.

"బాగానే ఉంది" అంది మెల్లగా. మళ్ళీ మొహం చిట్లించింది.

"ఇంకా చిట్లిస్తావేం? కిందికి దించడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు" అన్నారు డాక్టరుగారు నీరసంగా. అప్పుడు కుర్చీ మీది పెద్ద దీపం వెలుగు ఆవిడ మొహం మీద పడింది. కుడి చెంప ఎడమ చెంప కంటే బొద్దుగా ఉంది.

"నోరు తెరువు."

"ఎందుకండీ ఇప్పుడు..."

"తెరువు."

వెనక దంతంలో ఇంత పెద్ద పుచ్చు ఉంది.

"వారం నుంచీ నొప్పిగా ఉంది" అని ఒప్పుకుంది ఆవిడ. "గట్టిగా పట్టు పట్టినప్పుడల్లా పళ్ళు బిగించడం నాకు అలవాటు. అప్పుడు కలుక్కుమంటోంది. మీతో చెబితే కుర్చీ ఎక్కిస్తారు. ఆ మిషను చప్పుడు వింటేనే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి."

"మరి తీగలు?"

"పొద్దున మొదటిసారి వాయించినప్పుడే బాగుందని చెప్పాను కదండీ. నేను నేర్చుకున్న గిటారు తీగలు అంతకంటే ఎత్తు."

ఇంకా స్టూలు మీదే ఉన్న మాస్టారు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

డాక్టరుగారు గిటారు అందుకుని పక్కన పెట్టి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. పుచ్చు శుభ్రం చేసి, మందు పెట్టి, పంటి సిమెంటు కలిపి మూశారు. పళ్ళెంలో మిగిలిన సిమెంటును గిటారు మెడ కొసన అరిగిపోయిన గాట్లలో నింపి, ఆవిడ పంటికి పట్టిన నీలం లైటే దానికీ పట్టి గట్టిపరిచారు. సొరుగులోంచి కొత్త ఎముక ముక్క తీసి, పొద్దున ఉన్న ఎత్తుకు గోరంత తక్కువగా చెక్కి బిగించారు. దాదాపు బయల్దేరిన చోటికే వచ్చి చేరారు. మాస్టారి క్యాప్ సంగతి రేపటికి వాయిదా పడింది.

సాయంత్రం లైబ్రరీ హాల్లో ఆవిడ గిటారు ఒళ్ళోకి తీసుకుంది. మొదటి పట్టుకు డాక్టరుగారు ఆవిడ మొహం వైపే చూశారు. చిట్లించలేదు. అన్నేళ్ళ తర్వాత ఆవిడ అలా కళ్ళు మూసుకుని వాయిస్తుంటే, చెక్కపొట్టులో గడిపిన ఏడాదంతా, చెడిన ఈ రోజంతా ఆయనకు ఎక్కడా బరువనిపించలేదు. వచ్చిన వాళ్ళు చాలాసేపు చప్పట్లు కొట్టారు.

ఆయన పక్క కుర్చీలోని లెక్కల మాస్టారి వైపు వంగి, "ఎలా ఉందండీ?" అని అడిగారు.

"బాగానే ఉంది" అన్నారు మాస్టారు.

చేతిలో మిషను లేదు కనుక, డాక్టరుగారు నమ్మారు.