విషయం కాని వైరు

"ఇకపై మన సభల్లో విషయం కాని విషయం ఒక్కటి కూడా వినబడదు" అని బోధన్ ప్రాంత కేబుల్, ఇంటర్నెట్ ఆపరేటర్ల సంఘం అధ్యక్షుడు సురేందర్ ప్రకటించాడు. ప్రకటించి ఊరుకునే మనిషి కాడు కనుక, ఏది విషయమో తేల్చడానికి ఒక ఉపసంఘం కూడా వేశాడు. దానికి తన బావ ఆశన్నను పెద్దగా పెట్టాడు. ఆశన్నకు వైర్ల సంగతి తెలియదు. అందువల్ల పక్షపాతం ఉండదు.

వర్నిలో ఇంటింటికీ నెట్ ఇచ్చే పాల్ రాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. మంత్రిగారి పుట్టినరోజుకు ఫ్లెక్సీలు కడుతున్న కార్యకర్తలు, సారు ముఖానికి అడ్డం వస్తున్నాయని అతని వైర్లు కోసేశారు. అతికిస్తే మళ్ళీ కోశారు. జనమేమో పెద్ద కంపెనీ వైపు చూస్తున్నారు. సంఘమంతా కలిసి అడిగితే తప్ప ఈ కోత ఆగేది కాదు. నేరుగా ఆశన్న దగ్గరికి పోయాడు.

"ఎవని వైర్లు?" అన్నాడు ఆశన్న.

"నాయే అన్నా."

"నీ ఒక్కనియేనా? ఒక్కనిది బాధయితది తమ్మీ, విషయం గాదు. నలుగురియి తెగినంక రా."

దేవుడు దయామయుడు. కార్యకర్తలు అంతకన్నా. వారం తిరక్కుండానే చెరుకు ట్రాక్టర్లు పోయే దారి పొడవునా, బోధన్ దాకా ఫ్లెక్సీలు లేచాయి. అందరి వైర్లూ తెగాయి. పాల్ రాజ్ పండగలా పరుగెత్తాడు.

"అన్నా, అందరియి తెగినయ్!"

"అందరియి తెగితే అందరికీ ఎర్కే గదరా! ఎర్కున్న ముచ్చట మల్ల మైకుల చెప్పుడెందుకు? టైం ఖరాబ్."

బోధన్ ఫంక్షన్ హాల్లో సభనాడు ఉపసంఘం పాస్ చేసిన విషయం ఒక్కటే: 'చంద్రుడి మీద ఇంటర్నెట్ – మన కర్తవ్యం'. సురేందర్ మాటల్లో చంద్రుడి దాకా ఎక్కి, ఇంకా దిగకముందే అతని ఫోన్ మోగింది. ఊళ్ళోనే ఉన్న మంత్రిగారి బామ్మర్ది ఇంట్లో నెట్ పోయిందట.

"మరి ఇది ఒక్క ఇల్లే కద..." అని ఎవరో నోరు తెరిచేసరికి, ఆశన్న నిచ్చెన భుజాన వేసుకుని ఫంక్షన్ హాల్ గేటు దాటాడు. వెనకాల సంఘమంతా.

బామ్మర్ది ఇంటి ముందు స్తంభమెక్కిన పాల్ రాజ్ పైనుంచి అరిచాడు. "అన్నా, తెగిన కొస ఫ్లెక్సీ ఎనుక చిక్కింది. సారు ముఖంల బొక్క పెడితేగానీ చెయ్యి అందదు!"

ఒకపక్క మంత్రిగారి ముఖం, ఇంకోపక్క మంత్రిగారి బామ్మర్ది. ఉపసంఘం అక్కడే మోరీ గట్టు మీద కూర్చుంది.

అంతలో పాల్ రాజ్ జేబులో ఫోన్ మోగింది. వర్ని నుంచి రత్తమ్మ, అతని మొట్టమొదటి కస్టమరు.

"పాల్‌రాజూ, నీ నెట్ డబ్బా వచ్చి తీసుకెళ్ళు నాయనా. ఎన్నాళ్ళని చూస్తాం? ఆ కంపెనీ వాళ్ళది పెట్టించేసుకున్నాం. మా వీధి వీధంతా అంతే."

"అమ్మా, జర ఆగుండ్రి..."

కిందనుంచి ఆశన్న కసిరాడు.

"ఏయ్, ఫోన్ బంద్ చెయ్! ఈడ విషయం నడుస్తున్నది."